నారింజ నీడ

మాస్టారు చెయ్యి చాపారంటే కుంచె ఇమ్మని అర్థం. ఆ తరగతిలో పన్నెండు మందికీ ఆ సంగతి తెలుసు. బుధవారం సాయంత్రం ఆ చెయ్యి తన ముందుకు వచ్చినప్పుడు షేడక్క మాత్రం కుంచెను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"కొంచెమే మిగిలింది మాస్టారూ. నేనే చేసేస్తాను," అంది.

"ఆ కొంచెంలోనే బొమ్మంతా ఉంటుంది. ఇలా ఇవ్వమ్మా."

ఇచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి చెయ్యి చాపి నిలబడితే ఎంతసేపని బిగదీసుకుని కూర్చుంటుంది?

పళ్ళు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. ఆమె ఎదురుగా బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. దాని మీద రెండు నారింజపళ్ళు, ఒక నిమ్మకాయ, పింగాణీ పళ్ళెంలో నల్లద్రాక్ష గుత్తి. పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడి, పళ్ళ నీడల్ని గుడ్డ మీద పొడుగ్గా సాగదీసింది. ఆ నీడల దగ్గరే షేడక్క ముప్పావుగంట తంటాలు పడింది. నీడ నల్లగా ఉంటుందనుకుని మొదలుపెట్టింది. చూసేకొద్దీ అది నల్లగా లేదు, గోధుమరంగులోనూ లేదు. పండుకి ఆనుకున్న చోట కాస్త ఎర్రటి వెచ్చదనం, అది దాటాక నీలం, అంచులకు వచ్చేసరికి ఊదాలోకి జారిపోయే నీలం. తెలుపులో చిటికెడు నీలం, గోరంత ఎరుపు, ఆ నీలం మరీ కేక పెట్టకుండా పిసరంత నారింజ. కలిపి, రంగులు కలిపే కత్తిమొనతో తీసి నీడ పక్కన పట్టుకుని చూసి, కాదనుకుని గీకేసి, మళ్ళీ కలిపి, చివరికి ఎలాగో దాన్ని దొరకబుచ్చుకుంది.

రంగుని దొరకబుచ్చుకోవడం ఆమెకు కొత్తేం కాదు. పందొమ్మిదేళ్ళుగా పెయింట్ల షాపులో ఆమె పనే అది. గోడ మీంచి ఊడిన పెచ్చు ఒకటి పొట్లం కట్టుకొచ్చి "అచ్చం ఇదే షేడు కావాలి" అని అడిగేవాళ్ళకి, అచ్చం అదే షేడు డబ్బాలో కలిపి ఇస్తుంది. అందుకే షాపులో ఓనరు నుంచి గోడలకు రంగులు వేసే మేస్త్రీల దాకా అందరికీ ఆమె షేడక్క. కానీ గోడకి ఒక్కటే షేడు. ఇక్కడ ఒక్క నారింజపండు నీడలోనే నాలుగు షేడ్లు.

మాస్టారు తల పక్కకి వంచి బొమ్మని చూశారు. "నీడకి బరువు చాలలేదు. పండు గాల్లో తేలుతోంది," అని రంగుల పలక మీద కుంచె ముంచి, ఎడమ నుంచి కుడికి నాలుగు వాట్లు వేశారు. చేతికి వంక పెట్టడానికి లేదు. నీడ అంచు ఎక్కడ గట్టిగా నిలబడాలో, ఎక్కడ గుడ్డలోకి కరిగిపోవాలో ఆ నాలుగు వాట్లలోనే తేలిపోయింది. కానీ ఆయన ముంచింది గోధుమరంగు ముద్దలో. తెల్లగుడ్డ మీద టీ ఒలికినట్టయింది.

"నా రంగు పోయింది కదా మాస్టారూ," అంది షేడక్క.

"ఎక్కడ పోయిందమ్మా? నీ రంగే అది. నేను బరువు పెంచానంతే," అని కుంచె తిరిగిచ్చి పక్క ఈజిల్ వైపు వెళ్ళారు.

నీ రంగే! కళ్ళెదుట తుడిచిపెట్టి, నీదేనంటున్నాడు పెద్దమనిషి. షేడక్కకి చెవులు వేడెక్కాయి.

పక్క ఈజిల్ పళ్ళ డాక్టరుది. పొద్దున జనం పళ్ళు పీకి, సాయంత్రం ఇక్కడికొచ్చి ఆపిల్ పళ్ళు వేస్తాడాయన. "డాక్టరుగారికి ఇక్కడా పళ్ళేనా" అన్న హాస్యాన్ని మొదటి వారంలోనే తలా ఒకసారి వాడేశారు. మాస్టారు అటు తిరగ్గానే ఆయన షేడక్క వైపు వంగి, తన ఆపిల్ కింద ఆరని గోధుమరంగు చూపించాడు.

"నాదీ అయిపోయింది. ఫిల్లింగ్ చేసేశారు."

షేడక్కకి నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. నవ్వు పైకి వినపడింది కాబట్టి నీళ్ళని ఎవరూ పట్టించుకోలేదు.

ఆదివారం గ్రంథాలయం హాల్లో ప్రదర్శన. ఒక్కో బొమ్మ కింద వేసినవాళ్ళ పేరుతో చీటీ అంటిస్తారు. ఆరు నెలలుగా నేర్చుకుంటున్న షేడక్కకి ఇదే మొదటిసారి. ఓనరు వస్తానన్నాడు, మేస్త్రీలు వస్తామన్నారు. కింద తన పేరు, పైన మాస్టారి గోధుమరంగు. కిందటేడు ప్రదర్శన చూడ్డానికి వెళ్ళినప్పుడు కూడా పన్నెండు బొమ్మలూ ఒకే ఇంటి పిల్లల్లా కనిపించాయి. ఎందుకో ఇప్పుడర్థమైంది.

పచ్చి బొమ్మని వెనక చెక్కలు పట్టుకుని ఎత్తి, తన పళ్ళని సంచీలో వేసుకుని, బస్సెక్కింది. దారి పొడుగునా "రంగండీ, అంటుకుంటుంది, రంగండీ" అని హెచ్చరిస్తూనే ఉన్నా, దిగేసరికి ఒకాయన మోచేతికి నిమ్మపండు పసుపు అంటింది. ఆయన చూసుకోలేదు. షేడక్క కూడా చెప్పలేదు. ఆ పూట ఆమెకి ఎవరికీ క్షమాపణ చెప్పాలని లేదు.

ఇంట్లో గుమ్మం ఎదురుగా కుర్చీలో అత్తగారు కూర్చుని, కొడుకు చొక్కాని ఒళ్ళో పెట్టుకుని పరీక్షిస్తోంది. ఎడమ కంటికి శుక్లం ఆపరేషనై మూడు వారాలైంది. కుడి కంటికి మంగళవారం. ఈలోగా ఒక కన్ను మూసి ఒకటి, అది తెరిచి ఇంకొకటి, ఇంట్లో ఉన్న ప్రతి వస్తువునీ రెండేసి సార్లు చూడడం ఆవిడకి కాలక్షేపమైపోయింది.

"అమ్మాయ్, ఈ చొక్కా తెల్లదే!"

"తెల్లదే అత్తయ్యా. ఎప్పుడూ తెల్లదే."

"రెండేళ్ళుగా నువ్వు సరిగ్గా ఉతకడం లేదనుకుంటున్నా. చెల్లెలికి ఫోన్ చేసి కూడా చెప్పాను."

"ఏమని?"

"మా కోడలికి అన్నీ వచ్చు, చొక్కాలు ఉతకడం తప్ప అని." ఆవిడ చొక్కా మడతపెట్టింది. "రేపు దానికి మళ్ళీ ఫోన్ చెయ్యాలి."

భర్త లిఫ్టు మెకానిక్. అప్పుడే పని నుంచి వచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. బొమ్మ చూసి, ఒక కన్ను మూసి, బొటనవేలు అడ్డం పెట్టి కొలిచాడు. "బాగుంది. పళ్ళెం మాత్రం కుడివైపు రెండు మిల్లీమీటర్లు దిగింది," అన్నాడు.

"నీడ సంగతి చెప్పండి."

"నీడకేం? ఉంది కదా."

షేడక్క జరిగిందంతా చెప్పింది. భర్త తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ విన్నాడు. "తుడిచేసి మళ్ళీ వెయ్యి. ఆరలేదు కదా," అన్నాడు.

మాస్టారు వేసినదాన్ని తుడవడమా? ఆ తరగతిలో ఇంతవరకు ఎవరూ ఆ పని చేసినట్టు వినలేదు.

"ఆయనేమనుకుంటారో."

"నేను బిగించిన బోల్టుని ఇంకోడు వదులు చేసిపోతే నేను మళ్ళీ బిగిస్తాను. వాడేమనుకుంటాడో అని లిఫ్టు వదిలేస్తానా?"

గురువారం ఓనరునడిగి గంట ముందే ఇంటికొచ్చింది. వాళ్ళింట్లోనూ పడమటి కిటికీ ఉంది. భోజనాల బల్ల అక్కడికి జరిపి, తెల్లగుడ్డ పరిచి, బొమ్మలో ఎలా ఉన్నాయో అలాగే పళ్ళు పేర్చింది. గుత్తి ఎందుకో పళ్ళెంలో ఒక పక్కకి ఒరిగిపోతోంది. ఎత్తి చూస్తే వెనకవైపు సగం ఖాళీ.

"అత్తయ్యా!"

"నీకు కనపడేవి ముట్టుకోలేదు," అంది అత్తగారు కుర్చీలోంచే. "వెనకాల ఉన్నవేగా తిన్నాను. వెనకాలవి బొమ్మలో వేస్తావా ఏం?"

షేడక్క గుత్తి కింద గుడ్డముక్క దోపి నిలబెట్టింది. పాత బనీను ముక్కని టర్పెంటైన్‌లో తడిపి పిండింది. తీరా బొమ్మ దగ్గరికి తెచ్చాక చెయ్యి ఆగిపోయింది. ఆ నాలుగు వాట్లలో ఎంత ఒడుపుందో ఇప్పుడు ఇంకా బాగా కనిపిస్తోంది. రంగు తప్పు, చెయ్యి ఒప్పు.

"అత్తయ్యా, ఒకసారి ఇటు రండి. మీ కొత్త కన్నుతో చూసి చెప్పండి. ఆ గుడ్డ మీద నీడ, ఈ బొమ్మలో నీడ ఒకలా ఉన్నాయా?"

అత్తగారికి ఇలాంటి పనులంటే ప్రాణం. లేచొచ్చి, కుడి కన్ను అరచేత్తో మూసుకుని, అటూ ఇటూ నాలుగుసార్లు చూసింది.

"ఎలా ఉంటాయే? గుడ్డ మీదది నీలంగా ఉంది. నువ్వేమో బురద పూశావు."

"నేను కాదు, మాస్టారు."

"ఎవరైతేనేం, బురదే." చెయ్యి మార్చి ఎడమ కన్ను మూసుకుంది. మళ్ళీ అటూ ఇటూ చూసింది. ఈసారి కాస్త ఎక్కువసేపు పట్టింది. "చిత్రంగా ఉందే. ఈ కంటికి రెండూ ఒకటే. బాగానే కుదిరింది కదా అనిపిస్తోంది."

షేడక్క చేతిలో గుడ్డ నుంచి టర్పెంటైన్ చుక్క నేలమీద పడింది.

"మళ్ళీ చూడండి. పాత కంటికి ఒకటేనా?"

"అచ్చం ఒకటే. నీ రంగే ఇది అని ఒట్టేసి చెబుతాను."

నీ రంగే. నిన్న ఆ మాట అన్నప్పుడు మాస్టారి మొహంలో వెటకారం లేదు. అప్పుడది ఇంకా పెద్ద వెటకారంలా తోచింది. ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ట్యూబు తీసుకున్న ప్రతిసారీ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని పేరు చదవడం. ఎవరైనా రంగులు వరస తప్పి పెట్టుకుంటే విసుక్కోవడం. కిటికీ అద్దాలు సరిగ్గా తుడవలేదని గది ఊడ్చే ఆవిడ మీద వారానికోసారి కేకలేయడం.

"ఏమే, అలా నిలబడిపోయావు?" అంది అత్తగారు.

"మాస్టారికి కూడా మీ పాత కన్నే అత్తయ్యా. రెండూ పాతవే."

అత్తగారు రెండు కళ్ళూ తెరిచి కోడలి వంక చూసింది. "అయ్యో పాపం," అని, వెంటనే, "మరి డాక్టరు దగ్గరికి వెళ్ళడేం? చదువుకున్నాడా లేదా?" అంది.

షేడక్క గుడ్డ మళ్ళీ తడిపి, గోధుమరంగుని తుడిచింది. దాంతో పాటు కింద తను వేసిన నీలం కూడా లేచిపోయింది. కాన్వాసు అక్కడ తెల్లబోయి చూస్తోంది. అంతా మొదటి నుంచి కలపాలి. పర్వాలేదనిపించింది. నిన్నటి కోపం ఎక్కడా దొరకలేదు. శుక్రవారం సాయంత్రానికి నారింజల నీడలు రెండూ పూర్తయ్యాయి. అంచుల్ని మాత్రం మాస్టారు ఎక్కడ గట్టిగా ఉంచారో అక్కడ గట్టిగా, ఎక్కడ కరిగించారో అక్కడ కరిగించి వేసింది. ద్రాక్షల మీద ఉండే సన్నటి బూడిద పొరని పొడి కుంచెతో అద్ది, రెండేసి మెరుపు చుక్కలు పెట్టింది. పళ్ళెం కుడివైపు రెండు మిల్లీమీటర్లు ఎత్తింది. భర్త బొటనవేలు పెట్టి చూసి, తలాడించాడు. ఆ తర్వాత పళ్ళు అందరూ కలిసి తినేశారు.

శనివారం పొద్దున్నే మాస్టారి గదికి వెళ్ళింది. సైకిళ్ళ షాపు మీద మేడగది అది. పాఠం లేని రోజున ఎప్పుడూ రాలేదు. ఆయన కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని, ట్యూబుల మీద తెల్లకాగితం ముక్కలు అంటిస్తున్నారు. వాటి మీద వేలెడేసి అక్షరాలతో రంగుల పేర్లు.

"బొమ్మ తెచ్చావా? రేపు పొద్దున నేరుగా హాలుకి తెమ్మన్నాను కదా."

"మీరొకసారి చూడాలి మాస్టారూ."

ఆయన బొమ్మని ఈజిల్ మీద పెట్టి, ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళి చూశారు. నీడ అంచు వెంబడి చూపు జరుపుతూ ఒక చోట ఆగారు.

"ఇది నా చెయ్యి కాదు. తుడిచేసి మళ్ళీ వేశావు."

"అవునండీ."

కోప్పడతారనుకుంది. ఆయన నవ్వారు. "అంచులు బాగా పట్టావు. నా కంటే మెత్తగా వచ్చింది. కానీ ఎందుకమ్మా ఇంత కష్టం? రంగేమో నేను వేసిందే వేశావు."

షేడక్కకి ఏం చెప్పాలో తెలుసు. ఎలా చెప్పాలో బస్సులో వచ్చినంతసేపూ అనుకుంటూనే ఉంది. అనుకున్నదేదీ నోటికి రాలేదు. చివరికి షాపులో కొనేవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడింది.

"మీరు వేసింది గోధుమరంగు మాస్టారూ. ఇది నీలం, ఊదా కలిసింది. పక్కపక్కన పెడితే పగలూ రాత్రీ అంత తేడా."

కింద సైకిళ్ళ షాపులో ఎవరో బెల్లు పరీక్షిస్తున్నారు, ట్రింగు ట్రింగుమని.

"నీలమా?" అన్నారు మాస్టారు.

"అవునండీ."

ఆయన మళ్ళీ బొమ్మ వైపు తిరిగారు. ముందు కళ్ళు చిట్లించారు, తర్వాత విప్పార్చారు. "కిటికీ అద్దాలు మూడుసార్లు కడిగించాను," అన్నారు. "లోకం మసకబారిందనుకున్నాను తప్ప..." స్టూలు మీద కూర్చున్నారు. "నా పలక మీద రంగుల వరస నాకు కంఠతా వచ్చు. కళ్ళు మూసుకున్నా ఎక్కడేముందో తెలుసు. మీ పలకల మీద ఎవరిష్టం వాళ్ళది. అంటే, మీ అందరివీ..."

"పన్నెండు బొమ్మలూ మాస్టారూ."

"కిందటేడు?"

ఆమె అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. ఆయనకి అర్థమైంది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఆ చేతుల వంకే చూసుకుంటూ కూర్చున్నారు. చేసిన తప్పు చేతులది కాదని ఆమెకి చెప్పాలనిపించింది.

"మా అత్తగారికి ఒక కంటికి శుక్లం తీసేశారు మాస్టారూ. పావుగంట పని. ఇప్పుడు ఆవిడ కళ్ళ ముందు మాకెవరికీ మనశ్శాంతి లేదు. రెండోది మంగళవారం."

"కంటి మీద కత్తి పెట్టనిస్తానా నేను? బొమ్మలు వేసేవాణ్ణి."

"బొమ్మలు వేసేవారు కాబట్టే."

ఆమె మెట్లు దిగుతుంటే పైనుంచి ఫోన్లో ఆయన గొంతు వినిపించింది. "డాక్టరుగారూ, మీ ఆపిల్ ఇంకా పచ్చిగానే ఉందా? అయితే టర్పెంటైన్ పెట్టి నేను వేసింది తుడిచెయ్యండి. అవును, తుడిచెయ్యండి. మీ నీడ మీరే వేసుకోండి. ఎందుకంటే... నేను పొరపాటు చేశాను కాబట్టి." కాస్త ఆగి, ఇంకో నంబరు నొక్కిన చప్పుడు. మళ్ళీ అదే మాట. ఆమె సైకిళ్ళ షాపు ముందు నిలబడి పదకొండు ఫోన్లూ అయ్యేదాకా వింది.

ఆదివారం హాల్లో పన్నెండు బొమ్మలు గోడకెక్కాయి. పన్నెండు నీడలు, పన్నెండు రకాలుగా. ఒకావిడ నీడ ఆకుపచ్చగా ఉంది. ఒకరిది మరీ నల్లగా, పండు కింద గొయ్యి తవ్వినట్టుంది. పళ్ళ డాక్టరు ఆపిల్ కింద గులాబీ రంగు నీడ. "ఇది చిగుళ్ళ రంగు కదా," అని ఎవరో అంటే, "నాకు బాగా తెలిసిన రంగు అదే మరి," అన్నాడాయన గర్వంగా. పెయింట్ల షాపు ఓనరు షేడక్క బొమ్మ ముందు నిలబడి, మేస్త్రీల్ని ఒక్కొక్కర్నీ పిలిచి చీటీ మీద పేరు చదివించాడు.

అత్తగారు అందరికంటే ముందొచ్చి మాస్టారిని పట్టేసింది. షేడక్క అటు వెళ్ళేసరికి సగం పని అయిపోయింది.

"భయమేమిటండీ, మీసాలు పెట్టుకుని," అంటోంది ఆవిడ. "నాకు లేనిది మీకా? చుక్కలేస్తారు, కళ్ళలో లైటేస్తారు, అంతే. మీకంటూ ఒక్క కష్టం ఉంటుంది. పది రోజులు వంగకూడదు. కింద పడ్డ కుంచె ఇంకొకళ్ళు తియ్యాలి."

"ఆ తర్వాత రంగులు నిజంగా..."

"ఈ పిల్లని రెండేళ్ళు తిట్టాను, చొక్కాలు పసుపుపచ్చగా ఉతుకుతోందని. అంతకంటే రుజువేం కావాలి మీకు?"

మాస్టారు షేడక్క వైపు చూశారు. ఆమె ఎటో చూసింది.

ప్రదర్శన రోజున మాస్టారు అందరి ముందూ కూర్చుని అరగంటలో ఒక పండు వేసి చూపించడం ఏటా ఉన్నదే. కిటికీ పక్కన బల్ల వేసి, తెల్లగుడ్డ మీద ఒక నారింజపండు పెట్టారు. జనం చుట్టూ చేరారు. మాస్టారు ఈజిల్ ముందు కూర్చుని, పలక తీసి, ట్యూబుల పెట్టె తెరిచారు. పెద్ద అక్షరాల కాగితాలు అంటించిన ట్యూబులు. వాటిని చూసి, పెట్టె మూసేశారు.

"అమ్మా, ఇలా రా," అని పిలిచారు.

షేడక్క వెళ్ళింది. ఆయన చెయ్యి చాపారు. ఆమె అలవాటుగా కుంచె కోసం వెతికింది. కానీ ఆ చేతిలో రంగుల పలక ఉంది, ఆమెకు అందిస్తూ.

"నువ్వు కలుపు. నేను వేస్తాను."

"నేనా?"

"పందొమ్మిదేళ్ళుగా ఊళ్ళో అందరికీ కలిపావట. నాకు ఒక్కపూట కలపలేవా?"

ఎదురుగా ఓనరు, మేస్త్రీలు, భర్త. కానీ కత్తి చేతికొచ్చాక, ట్యూబు మూత తిరిగాక, మిగతావన్నీ వెనక్కి వెళ్ళిపోయాయి. పండు వెలుగువైపు ఉన్న నారింజ ముందు కలిపింది. ఆయన ఆ ముద్దని కుంచెతో తీసి, అడగలేదు, ఆగలేదు, ఒక్క వాటుతో పండు భుజం నిలబెట్టారు. ఆమె మరొకటి కలిపేసరికి ఆయన కుంచె సిద్ధంగా ఉంది. ఆమె పండుని చూస్తోంది, ఆయన ఆమె చేతిని చూస్తున్నారు. "ఇది ఎక్కడికి?" అని ఆయన, "కిందకి, గుడ్డ వెలుగు పండు మీద తిరిగి కొట్టే చోటికి" అని ఆమె. అంతకు మించి మాటల్లేవు. తొక్క మీది సన్నటి గుంటలు ఆయన వేలి కొసతో అద్దారు. చివరికి నీడ దగ్గరికొచ్చారు. ఆమె మూడు ముద్దలు కలిపింది, వెచ్చటిదొకటి, నీలమొకటి, ఊదా ఒకటి.

"వరస చెప్పు."

"పండు నుంచి బయటికి, ఇదీ, ఇదీ, ఇదీ."

ఆయన ఊపిరి బిగబట్టి మూడు వాట్లూ వేసి, తడి ఆరకముందే ఉత్త కుంచెతో ఒకదాంట్లోకి ఒకటి కలిపేశారు. పండు బల్ల మీద కూర్చుంది. అప్పటిదాకా కాన్వాసు మీద ఉన్నది, ఒక్కసారిగా బల్ల మీద కూర్చుంది.

"అదీ!" అంది అత్తగారు, హాలంతా వినపడేలా. ముందు ఒక కన్ను మూసింది, తర్వాత రెండోది. "ఈ కంటికీ బాగుంది, ఆ కంటికీ బాగుంది!"

చప్పట్లు కొట్టారు. మాస్టారు కిందిమూల తన పేరు రాసి, కుంచెను షేడక్కకి అందించారు. ఆమె అక్కర్లేదంది. ఆయన చెయ్యి చాపినంత మొండిగా ఆ కుంచెను అలాగే పట్టుకుని ఉన్నారు. ఆయన పేరు పక్కన ఆమె తన పేరు రాసింది. ఆఖరి అక్షరం కాస్త వంకరపోయింది.

గ్రంథాలయ అధికారిణి ముందుకొచ్చింది. "మాస్టారూ, ఎన్నేళ్ళుగానో చూస్తున్నాను. మీరు వేసిన వాటిల్లో ఇంత బావున్నది చూడలేదు. మా చదివే గదిలో పెట్టుకుంటాం, ఇస్తారా?"

"ఇస్తాను," అన్నారు మాస్టారు. "కానీ నెలరోజులాగాలి."

"ఆరడానికా?"

"ఆరడానికీ..." ఆయన బొమ్మ వైపు ఒరిగి, నీడ ఉన్న చోట కళ్ళు చిట్లించి, ఎంతకీ అందని దాన్ని చూసినట్టు చూశారు. "నేనింకా దీన్ని చూడలేదమ్మా. చూసి ఇస్తాను."

జనం హాస్యమనుకుని నవ్వారు. మాస్టారూ వాళ్ళతో కలిసి నవ్వారు. షేడక్క బొమ్మని వెనక చెక్కలు పట్టుకుని ఈజిల్ మీంచి దించి, ఎవరి మోచెయ్యీ తగలకుండా గోడ పక్కకి తీసుకెళుతుంటే, వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది.

"మంగళవారం ఎన్నింటికి రమ్మన్నారండీ మిమ్మల్ని?"

"తొమ్మిదింటికి," అంది అత్తగారు. "కానీ ఎనిమిదింటికే వచ్చెయ్యండి. వరసలో నా వెనకాలే నిలబడుదురుగాని."